జపాన్ నుంచి నేర్వాల్సిన మిగతా సగం

అన్నం, చేప, చెత్తబుట్ట, చీపురు... ఆ దేశపు రోజువారీ బతుకులో మాదన్నపేటకు పనికొచ్చే పాఠం ఏది?

తెల్లవారుజాము. మాదన్నపేట మండీలో అప్పటికే బేరాలు జోరందుకున్నాయి. ట్రాలీ ఆటోల్లోంచి ఉల్లిగడ్డ బస్తాలు దిగుతున్నాయి. తడి గోనెపట్టాల మీద పుంటికూర, మెంతికూర, పుదీన కట్టలు కుప్పలు పోశారు. బస్తా నెత్తిన పెట్టుకున్న హమాలీ "హటో భాయ్, హటో" అని కేకేస్తూ జనంలోంచి దారి చేసుకుంటున్నాడు. కాళ్ల కింద పాలకూర ఆకులు, నలిగిన టమాటాలు బురదలో కలిసి జారుతున్నాయి.

కొత్తిమీర కట్ట చేతిలో పెడుతూ అవ్వ అడిగింది. "జపాన్ పోయొచ్చినవంట గద బిడ్డా. పచ్చి చేపలు తింటరంట, నిజమేనా? తినడానికి అన్నం దొరుకుతదా?" పక్కన మిరపకాయల బస్తా విప్పుతున్న యువకుడికి ఇంకో ఆరాటం. "ఆర్ఆర్ఆర్ అక్కడ నిజంగనే అంత ఆడిందా అన్నా?" చాయ్ గ్లాసులు పట్టుకొచ్చిన కుర్రాడు నిలబడిపోయాడు. "వహాఁ హలాల్ మిల్తా క్యా భాయ్?" వీళ్ల మాటలన్నీ వింటూ బండి సర్దుకుంటున్న పెద్దాయన చివరన అందుకున్నాడు. "రోడ్లు అద్దం లెక్క ఉంటయంట. ఎట్లుంచుతరు? మనతోని ఎందుకు అయితలేదు?"

మొదటి మూడు ప్రశ్నలకు చాయ్ చల్లారేలోపు జవాబు చెప్పొచ్చు. నాలుగోది అలా తేలేది కాదు.

జపాన్ ఇవాళ మన ఇళ్లలో మాట్లాడుకునే దేశమైంది. యెన్ విలువ పడిపోవడంతో 2024లో దాదాపు 3.69 కోట్ల మంది విదేశీయులు అక్కడికి వెళ్లొచ్చారు. వారిలో మన ఊళ్ల వాళ్లూ ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జపనీస్ నేర్పించి అక్కడి కొలువులకు పంపుతోంది. మనం తిరిగే ఔటర్ రింగ్ రోడ్డులో, కంది ఐఐటీ ప్రాంగణంలో జపాన్ రుణం ఉంది. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి బృందం కితాక్యూషు నగరంతో పర్యావరణ హిత పట్టణంపై అవగాహనకు వచ్చింది. మూసీ సుందరీకరణ మాట వచ్చినప్పుడల్లా విదేశాల నదీ తీరాల ఫొటోలు మన ఫోన్లలో తిరుగుతున్నాయి. ఆ ఫొటోల్లో కనిపించనిది అక్కడి మనుషుల రోజువారీ బతుకు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

అన్నం చుట్టూ తిరిగే దేశం

అవ్వ ప్రశ్నకు జవాబు సులువు. అక్కడ భోజనం అంటే అన్నమే. టోక్యోలో ఏ రైల్వే స్టేషన్ పక్క సందులోకి వెళ్లినా చిన్న భోజనశాల ఒకటి ఉంటుంది. గుమ్మం పక్కనే టికెట్ యంత్రం. బొమ్మ చూసి బటన్ నొక్కి, వెయ్యి యెన్లు వేస్తే చీటీ వస్తుంది. మన లెక్కలో ఆరు వందల రూపాయల లోపే. కాసేపటికి ట్రే ముందుకొస్తుంది. గిన్నెలో పొట్టి బియ్యపు అన్నం, సోయా ముద్దతో కాచిన మీసో చారు, ఉప్పు రాసి కాల్చిన కానగంత ముక్క, చేప పక్కన తురిమిన ముల్లంగి, చిన్న పళ్లెంలో ఊరబెట్టిన దోసకాయ. నూనె కనబడదు. కారం లేదు. మొదటి ముద్దకు మన నాలుక ఏదో వెతుక్కుంటుంది. నాలుగైదు ముద్దలయ్యాక అన్నానికే ఒక తీపి ఉందని తెలిసొస్తుంది.

అలాంటి ఒక చోట నా పక్క సీట్లో ఒక పెద్దాయన తింటున్నారు. పుల్లలతో చేప ముల్లును తల నుంచి తోక దాకా విరగకుండా లేపి పళ్లెం అంచున పెట్టారు. గిన్నెలో ఒక్క మెతుకు మిగల్లేదు. తినడం అయ్యాక ట్రేను ఎదురుగా ఉన్న అరుగు మీదికి జరిపారు. తడిగుడ్డ తీసుకుని తన ముందున్న జానెడు చోటు తుడిచారు. వంట మనిషి వైపు తలవంచి, కృతజ్ఞత చెప్పి వెళ్లిపోయారు. ఆయనను ఎవరూ చూడటం లేదు. అందరూ అదే చేస్తున్నారు.

ఊరగాయ లేని ముద్ద మనకు దిగనట్టే, వాళ్లకు ఉమెబొషి ఉండాలి. జూన్‌లో వచ్చే పుల్లటి ఉమె కాయలను ఉప్పులో ఊరవేసి, వానలు తగ్గాక ఎండబెడతారు. అవ్వలు జాడీల లెక్కన పట్టి కూతుళ్లకు, కోడళ్లకు పంచుతారు. పెరట్లో మామిడికాయ ముక్కలు ఎండబెట్టిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ వాసన, ఆ హడావుడి కొత్తేమీ కాదు.

అన్నం మీద అంత మమకారం ఉన్న దేశంలోనూ అన్నం తగ్గుతోంది. 1962లో ఒక్కో మనిషి ఏడాదికి 118 కిలోల బియ్యం తినేవాడు. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. రొట్టె, నూడుల్స్ ఆ చోటు తీసుకున్నాయి. అయినా 2025లో బియ్యం ధర ఏడాది కిందటితో పోలిస్తే రెట్టింపై, అయిదు కిలోల సంచి నాలుగు వేల యెన్లు దాటినప్పుడు దేశం అట్టుడికింది. ప్రభుత్వం అత్యవసర నిల్వలు బయటికి తీసింది. తన మద్దతుదారులు ఇస్తుంటారు కాబట్టి తానెప్పుడూ బియ్యం కొనలేదని అన్న వ్యవసాయ మంత్రి ఎతో తాకు పదవి పోగొట్టుకున్నారు. బియ్యం ధర తెలియని మంత్రిని ఆ దేశపు ఇల్లాళ్లు క్షమించలేదు.

■ బాక్స్: జపాన్ కూరకు మన విప్లవకారుడి చేయి
జపాన్ పిల్లలకు ఎంతో ఇష్టమైన వంటల్లో 'కరే రైసు' ఒకటి. అన్నం పక్కన చిక్కటి గోధుమరంగు కూర. 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్‌వారి ద్వారా అక్కడికి చేరింది. నౌకాదళంలో నేటికీ శుక్రవారం కూర వండుతారు. అసలు భారతీయ రుచి పరిచయం చేసింది మాత్రం రాస్ బిహారీ బోస్. బ్రిటిష్ పోలీసుల నుంచి తప్పించుకుని 1915లో జపాన్ చేరిన ఆయనకు టోక్యోలోని నకమురాయ దుకాణం కుటుంబం ఆశ్రయమిచ్చింది. ఆ ఇంటి అమ్మాయినే ఆయన పెళ్లి చేసుకున్నారు. 1927లో ఆ దుకాణంలో భారతీయ కూర అమ్మకం మొదలైంది. షింజుకులో ఇప్పటికీ దొరుకుతుంది.

గింజాలో మన భోజనం

ఇక మిరపకాయల యువకుడి ప్రశ్న. ఆర్ఆర్ఆర్ జపాన్‌లో 2022 అక్టోబర్ 21న విడుదలైంది. రజనీకాంత్ 'ముత్తు' పేరిట 1998 నుంచి ఉన్న వసూళ్ల రికార్డును దాటేసింది. 2024 జనవరిలో వందేళ్లకు పైబడిన చరిత్ర ఉన్న తకరాజుకా నాటక బృందం ఆ కథను రంగస్థలం మీదికి తెచ్చింది. ఆ బృందంలో అందరూ స్త్రీలే. భీమ్, రామ్ వేషాలు కట్టిందీ వాళ్లే. అదే ఏడాది రాజమౌళి దంపతులు వెళ్లినప్పుడు 83 ఏళ్ల అభిమాని ఒకరు కాగితంతో వెయ్యి కొంగలు మడిచి కానుకగా ఇచ్చారు. ఆయురారోగ్యాలు కోరుతూ అయినవాళ్లకు ఇచ్చే కానుక అది. 2025లో 'దేవర' ప్రచారానికి వెళ్లిన ఎన్టీఆర్‌తో ఒక అభిమాని తెలుగులో మాట్లాడింది. ఆర్ఆర్ఆర్ చూశాకే తెలుగు నేర్చుకున్నానని చెప్పింది.

సినిమా కంటే ముందే మన తిండి అక్కడికి చేరింది. 2000 సంవత్సరంలో కంప్యూటర్లు మొరాయిస్తాయన్న భయంతో జపాన్ కంపెనీలు మన ఇంజినీర్లను పిలిపించుకున్నాయి. అలా వెళ్లినవాళ్లు టోక్యో తూర్పున ఎదోగావా వార్డులోని నిషి కసాయి చుట్టూ స్థిరపడ్డారు. ఇవాళ అక్కడ కందిపప్పు, చింతపండు, మినప్పప్పు దొరికే దుకాణాలున్నాయి. తెలుగు సంఘం ఉగాది, బతుకమ్మ చేస్తుంది. నగరం నడిబొడ్డున గింజాలో 'ఆంధ్రా డైనింగ్', ఒకాచిమాచిలో 'ఆంధ్రా కిచెన్' ఉన్నాయి. మధ్యాహ్నం వేళ అక్కడ ఆఫీసు బట్టల్లో ఉన్న జపనీయులు పప్పన్నంలో నెయ్యి కలుపుకుని, రసం చివరి చుక్క దాకా తాగడం చూస్తే తెలుగువాడికి కడుపు నిండుతుంది.

హలాల్ మిల్తా క్యా?

దొరుకుతుంది. కాకపోతే వెతుక్కోవాలి. షిన్ ఒకుబో స్టేషన్ పక్కన హలాల్ మాంసం, మసాలాలు అమ్మే సందు ఒకటి ఉంది. బిర్యానీ కూడా దొరుకుతుంది. జపాన్‌లో తొలి మసీదు కోబెలో 1935లో కట్టారు. అందులో భారతీయ వర్తకుల సొమ్ము ఉంది. టోక్యోలో 1938లో కట్టిన మసీదును 2000లో కొత్తగా నిర్మించారు.

అసలు చిక్కు శాకాహారులకే. కూరగాయల వంటకంలా కనిపించేదాంట్లోనూ ఎండబెట్టిన చేప తురుముతో కాచిన చారు కలిసి ఉంటుంది. సోబా నూడుల్స్ ముంచుకునే పులుసులోనూ అదే. సోయా సాస్‌లలో, మిరిన్‌లో మద్యం ఉంటుంది కాబట్టి మాంసం మానేసినంత మాత్రాన ముస్లింలకూ బెంగ తీరదు. శాకాహారం నిష్ఠగా కావాలంటే కోయసాన్ కొండ మీది బౌద్ధ మఠాలకు వెళ్లాలి. సోయా పన్నీరు, నువ్వులు, కొండకూరలతో సన్యాసులు వండే భోజనంలో చేప జాడ ఉండదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు.

రోడ్లు ఎట్లుంచుతరు?

ఇక పెద్దాయన ప్రశ్న. టోక్యో వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు కనిపించవు. 1995లో మెట్రో రైళ్లలో విషవాయువు దాడి జరిగాక చాలాచోట్ల వాటిని తీసేశారు. అయినా నేల మీద కాగితం ముక్క పడదు. తాగిన సీసా సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళతారు. కాలే చెత్త ఒక రోజు, గాజు, డబ్బాలు మరో రోజు, ప్లాస్టిక్ ఇంకో రోజు బయటపెడతారు. కాకులు చింపకుండా మీద వల కప్పుతారు.

చూసి వచ్చినవాళ్లు "అది వాళ్ల రక్తంలోనే ఉంది" అంటారు. చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. 1965 వేసవిలో టోక్యో అఖాతంలోని యుమెనొషిమా చెత్తకుప్ప నుంచి ఈగల దండు లేచి కొతో వార్డు ఇళ్లను ముంచెత్తింది. ఈగలను చంపడానికి కుప్పకే నిప్పు పెట్టాల్సి వచ్చింది. సుమిదా నది కంపు భరించలేనిదిగా ఉండేది. తరతరాలుగా దాని ఒడ్డున జరుగుతూ వచ్చిన బాణసంచా ఉత్సవం 1961 తర్వాత ఆగిపోయింది.

మార్పు గొడవతోనే మొదలైంది. నగరం చెత్తలో ఎక్కువ భాగం మోస్తున్న కొతో వార్డు జనం ఎదురుతిరిగారు. సంపన్నుల సుగినామి వార్డు మాత్రం తన గడప దగ్గర దహన కేంద్రం వద్దంది. 1971లో టోక్యో గవర్నర్ మినోబె రియోకిచి 'చెత్త యుద్ధం' ప్రకటించారు. 1973లో సుగినామి నుంచి వచ్చే చెత్త లారీలను కొతో వార్డు దారిలోనే ఆపేసింది. ఎవరి చెత్త బాధ్యత వాళ్ల వార్డే మోయాలన్న సూత్రం ఆ కొట్లాటలోంచే బలపడింది. సుగినామి చివరికి దహన కేంద్రానికి ఒప్పుకుంది. ఈగలు లేచిన యుమెనొషిమా ఇవాళ పార్కు. హైదరాబాద్ చెత్తలో ఎక్కువ భాగం మోస్తున్న జవహర్‌నగర్ ఇవాళ ఆనాటి కొతో వార్డు స్థితిలోనే ఉంది. అక్కడివాళ్ల గోడు ఏళ్లుగా వింటున్నాం. మన చెత్తలో మన వంతు ఎంత అని మాత్రం అడగడం లేదు.

సుమిదా కూడా గట్ల అందంతో బాగుపడలేదు. 1970లో పార్లమెంటు కాలుష్యంపై 14 చట్టాలు చేసింది. ఫ్యాక్టరీలను కట్టడి చేశారు. ఇంటింటికీ మురుగు పైపులు వేశారు. 1978లో బాణసంచా ఉత్సవం తిరిగి మొదలైంది. నగరంలోని 23 వార్డులకూ మురుగునీటి వ్యవస్థ పూర్తిగా అందింది 1994లో. మూసీ ఒడ్డున నడకదారి గీసేముందు గుర్తుంచుకోవాల్సిన వరస ఇది.

■ బాక్స్: మసి మీద తల్లుల పోరు
ముఖ్యమంత్రి బృందం చూసి వచ్చిన కితాక్యూషు ఒకప్పుడు పొగగొట్టాల ఊరు. పక్కనున్న దోకాయ్ అఖాతాన్ని చచ్చిన సముద్రం అనేవారు. ఆరేసిన బట్టలు నల్లబడుతుంటే, పిల్లలు దగ్గుతుంటే తొబాత ప్రాంత మహిళా సంఘం కదిలింది. ప్రొఫెసర్ల సాయంతో కాలుష్యాన్ని తామే పరిశీలించి నమోదు చేశారు. 'నీలాకాశం కావాలి' అంటూ 1965లో సొంతంగా డాక్యుమెంటరీ తీశారు. వాళ్లలో చాలామంది భర్తలు ఆ ఫ్యాక్టరీల్లోనే పనిచేసేవారు. ఇంట్లో అన్నం పెట్టే కంపెనీని నిలదీసిన ఆ ధైర్యం నుంచే నేటి కితాక్యూషు పుట్టింది.

చీపురు ఎవరి చేతిలో?

గొడవలు, చట్టాలు పని మొదలుపెడతాయి. దాన్ని నిలబెట్టేది బడి. జపాన్ ప్రాథమిక బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే వంతు వచ్చిన పిల్లలు తెల్ల కోటు, టోపీ, మాస్కు వేసుకుంటారు. వంటగది నుంచి గిన్నెలు మోసుకొస్తారు. తోటివారికి వాళ్లే వడ్డిస్తారు. టీచర్ అదే గదిలో, అదే అన్నం తింటారు. పిల్లల కంటే ముందు ప్రిన్సిపాల్ ఆ భోజనం రుచి చూడాలి, ఏదైనా తేడా ఉంటే అక్కడే ఆపాలి. తిన్నాక పిల్లలు పాల డబ్బా విప్పి, కడిగి, మడతపెడతారు. ఆ తర్వాత గది ఊడుస్తారు. వరండా గచ్చును తడిగుడ్డతో వంగి తుడుస్తూ వరసగా పరుగెత్తుతారు. చాలా బడుల్లో మరుగుదొడ్లు కడిగేదీ పిల్లలే. అధికారి బిడ్డకూ, కూలీ బిడ్డకూ ఒకే వంతు.

ఈ భోజనం పుట్టుక కూడా పేదరికంలోనే. 1889లో యమగాత ప్రాంతంలోని త్సురుఒకలో సన్యాసులు నడిపిన బడికి అన్నం తెచ్చుకోలేని పిల్లలు వచ్చేవారు. వాళ్లకు అన్నం ముద్దలు, కాల్చిన చేప, ఊరగాయ పెట్టారు. యుద్ధంలో ఓడి ఆకలితో అల్లాడిన దేశం 1954లో బడి భోజనానికి చట్టం చేసింది. 2005లో ఆహార విద్యకు మరో చట్టం తెచ్చింది. భోజనం కూడా అక్కడ పాఠమే.

మన దగ్గర బడి పిల్లలతో మరుగుదొడ్లు కడిగించారన్న వార్త వస్తే కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. మన బడిలో చీపురు ఏ పిల్ల చేతికి వెళుతుందో అందరికీ తెలుసు. ఊరు ఊడ్చే పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టి, ఆ చేతులనే అంటరానివన్న సమాజం మనది. తెల్లారకముందే మన వీధులు ఊడ్చే జీహెచ్‌ఎంసీ కార్మికురాలిని ఆ చరిత్రే అక్కడ నిలబెట్టింది. జపాన్‌కూ ఇలాంటి మచ్చ ఉంది. తోలు పని, పశువధ చేసేవారిని వెలివేసిన చరిత్ర అది. దానిపై పోరాడటానికి 1922లో సుయిహెయిషా అనే సంఘం పుట్టింది. వివక్ష అక్కడ పూర్తిగా పోలేదు. అయినా చీపురును అందరి బిడ్డల చేతికీ ఇచ్చిన బడి ఒక పని చేసింది. ఊడ్చేవాడు తక్కువవాడన్న భావం పిల్లల్లో నాటుకోకుండా చూసింది. తాను తుడిచిన గచ్చు మీద ఉమ్మేయడానికి ఎవరికీ మనసొప్పదు.

1922లో హైదరాబాద్ నుంచి ఒక ప్రయాణికుడు

జపాన్ నుంచి నేర్చుకోవాలన్న తపన మన నగరానికి కొత్త కాదు. నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టర్‌గా ఉన్న సయ్యద్ రాస్ మసూద్‌ను ప్రభుత్వం 1922లో జపాన్ పంపింది. ఆయన బడులు, కళాశాలలు తిరిగి చూసి, 1923లో జపాన్ విద్యావిధానంపై పెద్ద నివేదిక ఇచ్చారు. సొంత భాషలో చదువు చెప్పుకోబట్టే ఆ దేశం అంత ఎదిగిందన్నది ఆయన గ్రహించిన సంగతి. అప్పటికే ఉర్దూ మాధ్యమంలో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆ నివేదిక అండగా నిలిచింది.

పాఠం గొప్పదే. అమలైంది సగమే. ఆ రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. మరాఠీ, కన్నడ ఇళ్లూ లక్షల్లో ఉన్నాయి. వాళ్ల పిల్లలకు మాతృభాషలో పై చదువు దక్కలేదు. అదే కాలంలో భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజార్‌లో మొదలుపెట్టి, దళిత పిల్లల కోసం తెలుగు బడులు నడిపారు. జపాన్ వెళ్లకుండానే జపాన్ పాఠం అర్థం చేసుకున్న మనిషి ఆయన.

అక్కడ లేనిది, మండీలో ఉన్నది

జపాన్‌ను స్వర్గంగా చూడటం కూడా తప్పే. టోక్యోలో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా రోజంతా గడిపేయొచ్చు. యంత్రం చీటీ ఇస్తుంది. కౌంటర్ ముందు ఒంటరి కుర్చీ ఉంటుంది. రైల్లో ఫోన్ మాట్లాడరు. సూపర్ మార్కెట్లో ఒక్కో దోసకాయకూ ప్లాస్టిక్ చుట్టి పెడతారు. జనాభాలో 29 శాతం మంది 65 ఏళ్లు దాటినవారు. 2024లో ఇంట్లో ఒంటరిగా ప్రాణం విడిచినవాళ్లు 76 వేల మంది అని పోలీసు లెక్క. నలుగురిలో ముగ్గురు వృద్ధులే. కొందరి సంగతి వారాలు గడిచాక గానీ పక్కింటికి తెలియదు.

కుతుబ్‌షాహీ మంత్రి మాదన్న పేరు మోసే మన పేటలో అది ఊహకందదు. కొత్తిమీర అవ్వ రెండు రోజులు కనిపించకపోతే మూడో రోజు ఎవరో ఒకరు ఆమె గుమ్మం ముందుంటారు. తూకం అయ్యాక రెండు పచ్చిమిర్చి కొసరు పడుతుంది. హిందువు బండి పక్కన ముస్లిం బండి, ఒకే చాయ్ గిన్నె. కూరగాయలు గుడ్డసంచిలో విడిగా ఇంటికి వెళతాయి. టోక్యో ఎంత డబ్బు పెట్టినా కొనలేని సంపద ఇది.

ఈసారి మొత్తం పాఠం

పెద్దాయనకు నేను చెప్పేది ఇదే. మనతోని అవుతుంది. వాళ్లతో కూడా ఒకప్పుడు కాలేదు. కొట్లాడారు, చట్టాలు చేశారు, బడిలో నేర్పారు.

మాదన్నపేట సర్కారు బడిలోనే మొదలుపెట్టొచ్చు. మధ్యాహ్న భోజనం టీచర్లూ పిల్లలతో కూర్చుని తినాలి. హాస్టల్లో తిండి వికటించి పిల్లలు ఆసుపత్రి పాలైన వార్తలు ఇన్ని చూశాక, పెద్దలు ముందు తిని చూడాలన్న నియమం ఎక్కడా సడలకూడదు. వడ్డన, ఊడ్చడం అందరికీ వంతుల వారీగా రావాలి. హెడ్‌మాస్టరూ ఆ వంతులో ఉండాలి. చేతి తొడుగులు, సబ్బు, నీళ్లు ముందు ఇవ్వాలి. కార్పొరేట్ బడులకూ ఇదే వర్తించాలి. పేదపిల్లల చేతికి మాత్రమే చీపురు ఇస్తే అది జపాన్ పాఠం కాదు, మన పాత పాపమే. మండీలో మిగిలే ఆకు, కాయ తడి చెత్తను అక్కడే వేరు చేసి ఎరువు చేయాలి. జవహర్‌నగర్‌కు వెళ్లే లారీలో మన పేట వంతు ఎంతో మనకు తెలియాలి. మూసీలోకి మురుగు చేరకుండా ఆపాకే గట్టు మీద దీపాలు పెట్టాలి.

నది ఒడ్డు నిర్మాణాన్ని అప్పు తెచ్చి కట్టించొచ్చు. పని పంచుకునే అలవాటును ఏ దేశమూ అప్పివ్వదు. 1922 ప్రయాణం నుంచి హైదరాబాద్ సగం పాఠమే తీసుకుంది, దాని నష్టాన్ని మన తాతల తరం చదువులో భరించింది. ఈసారి మూసీ గట్టు మీద పెట్టే శ్రద్ధలో పదో వంతైనా బడి మీద పెడదాం. మన పిల్లలు ఎవరి చేతిలో చీపురు చూసినా తక్కువగా చూడని రోజున, ఆ పెద్దాయన బండి ముందు రోడ్డును ఎట్లుంచాలో ఎవరూ జపాన్ వెళ్లి చూసి రానక్కర్లేదు.